గోడ కూలిందా, కూల్చారా?

నా ఆఫీసు లాప్‌టాప్ వాల్‌పేపర్ చూసిన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న. "ఏంటి బాసూ ఈ దెయ్యాల కొంప?" అని. మంచు, ఆకు ఒక్కటి లేని చెట్లు, మధ్యలో పైకప్పు లేని పొడుగాటి మొండిగోడ, ఆ గోడకున్న గుమ్మంలోకి శవపేటిక మోసుకెళ్తున్న సన్యాసులు. మా టీమ్ లీడ్ అయితే ఒకసారి పరీక్షగా చూసి "శుక్రవారం సాయంత్రం రిలీజ్ పెట్టుకుంటే ఇలాగే ఉంటుంది" అని తీర్పు చెప్పేశాడు :)

ముందే ఒప్పేసుకుంటాను. నాకు చిత్రకళలో ఓనమాలు రావు. ఇంజనీరింగ్ డ్రాయింగే రెండో ప్రయత్నంలో గట్టెక్కిన వాణ్ణి. కానీ మూడు నెలలు ఆన్‌సైట్ పేరుతో బెర్లిన్‌లో ఉన్నప్పుడు, ఒక ఆదివారం వాన పడుతుంటే వేరే దిక్కులేక మ్యూజియంలో దూరాను. ఆల్టె నాషనల్‌గాలరీ. పై అంతస్తులో పక్కపక్కనే రెండు పెద్ద బొమ్మలు వేలాడుతున్నాయి. ఒకదాంట్లో సముద్రం ముందు ఒక్కడే సన్యాసి. రెండోది ఇదిగో, ఈ దెయ్యాల కొంప. పేరు 'ఓక్ చెట్ల మధ్య మఠం'. వేసింది కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్, 1809-10లో. ఇంచుమించు 110 సెంటీమీటర్ల ఎత్తు, 171 సెంటీమీటర్ల వెడల్పు. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు గానీ, బయటికొచ్చేసరికి వాన వెలిసింది.

తెరమీద చూస్తే తెలియనిది ఒకటుంది. బొమ్మలో కింది భాగం దాదాపు చీకటి. ఒరిగిపోయిన శిలువలు, తవ్వి ఉంచిన గొయ్యి, నల్లటి అంగీల్లో మనుషులు, అన్నీ ఆ చీకట్లో కళ్ళు చికిలించుకుని చూస్తే తప్ప కనపడవు. పైన మాత్రం ఆకాశం పసుప్పచ్చగా, సన్నటి నెలవంకతో, తెల్లారబోతోందో పొద్దుగూకుతోందో తేలకుండా ఉంటుంది. చీకట్లోంచి వెలుగులోకి పొడుచుకొచ్చేవి రెండే: చెట్లు, గోడ. రెండూ ఒకే జాతివిలా ఉంటాయి. కొమ్మలు విరిగిన చెట్టు, కప్పు విరిగిన గుడి. ప్రకృతి ఆ చెట్టుని ఎలా మోడు చేసిందో గోడనీ అలాగే మోడు చేసిందని చూడగానే అనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది. "కాలం ముందు మనిషెంత" టైపు వేదాంతం కూడా పొంగుకొచ్చింది.

ఆ తర్వాత హోటలుకొచ్చి ఆ గోడ సంగతేంటో చదివాను. అక్కడ మొదలైంది గొడవ.

ఆ గోడ నిజంగానే ఉంది. జర్మనీ ఉత్తరాన బాల్టిక్ తీరంలో గ్రైఫ్స్‌వాల్డ్ అనే ఊరిని ఆనుకుని, ఎల్డెనా అనే చోట. 1199లో సిస్టర్షియన్ సన్యాసులు కట్టుకున్న మఠం. అసలా ఊరు పెరిగిందే మఠం చలవతో. ఫ్రీడ్రిష్ పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే, 1774లో. వాళ్ళ నాన్న సబ్బులు, కొవ్వొత్తులు చేసేవాడు. పదమూడేళ్ళప్పుడు మంచు పగిలి నీళ్ళలో పడిపోతే కాపాడబోయిన తమ్ముడు మునిగిపోయాడు. ఆయన బొమ్మల్లో మంచు ఎందుకంత భయపెట్టేలా ఉంటుందో దీన్నిబట్టి చెప్పేవాళ్ళున్నారు. ఉండొచ్చు. నా గొడవ మంచు గురించి కాదు, గోడ గురించి.

మరి ఆ మఠాన్ని ప్రకృతి కూల్చిందా? లేదండీ. 1535లో ఆ ప్రాంతం ప్రొటెస్టంటు మతంలోకి మారడంతో మఠం మూతపడి, ఆస్తి పాలకుల చేతికి పోయింది. తర్వాతి శతాబ్దంలో విశ్వవిద్యాలయానికి దక్కింది. ముప్పయ్యేళ్ళ యుద్ధం (1618-48) దెబ్బకి బాగా పాడైంది. తర్వాత ఆ ప్రాంతం స్వీడన్ ఏలుబడిలో ఉండగా, రెడీమేడ్‌గా ఇన్ని ఇటుకలు పడుంటే బట్టీ పెట్టుకోవడం దేనికని గోడలు ఊడదీసి ఊరి కోటకీ, విశ్వవిద్యాలయం కట్టడాలకీ తోలుకుపోయారు. అంటే ఫ్రీడ్రిష్ చిన్నప్పుడు వీధుల్లో నడుస్తూ చూసిన గోడల్లో కొన్ని ఎల్డెనావే అయ్యుండొచ్చు. ఆ గుడి మాయమైపోలేదు. ఊరంతా పంచుకుంది.

మనకి బాగా తెలిసిన భాషలో చెప్తాను. ప్రాజెక్టుల్లో లెగసీ కోడ్ గురించి మాట్లాడేటప్పుడు "కుళ్ళిపోయింది" అంటాం. ఏదో కూరగాయ తనంతట తనే కుళ్ళినట్టు. గిట్ బ్లేమ్ కొట్టి చూడండి. ప్రతి లైను పక్కనా ఒక పేరు, ఒక తేదీ. ఆ పేర్లలో మనదీ ఉంటుంది, అది వేరే విషయం. శిథిలాల బొమ్మలన్నీ నాకిప్పుడు ఆ పేర్ల కాలమ్ చెరిపేసిన ఫైళ్ళలా కనిపిస్తున్నాయి.

ఇలా అంటే "కళని ఇటుకల లెక్కతో చూస్తావా" అని కోప్పడతారని తెలుసు. ఫ్రీడ్రిష్ పక్షాన చెప్పాల్సినదీ ఉంది. ఆయన ఎల్డెనా ఫొటో తీస్తున్నానని ఎక్కడా అనలేదు. ఆ చెట్లు అక్కడివి కావు, వేర్వేరు చోట్ల గీసుకున్న స్కెచ్‌లలోంచి తెచ్చి నాటినవి. ఒకే ఓక్ చెట్టు ఆయన వేర్వేరు బొమ్మల్లో తేలుతుంది (కోడ్ రీయూజ్ మనమేం కనిపెట్టలేదు). మఠం మూతపడి 270 ఏళ్ళు దాటాక అక్కడ శవయాత్ర చేయడానికి సన్యాసులెక్కడున్నారు? అదీ కల్పనే. పైగా ఆ రోజులెలాంటివి? 1806లో నెపోలియన్ చేతిలో ప్రష్యా చిత్తుగా ఓడింది. 1810లో ఈ బొమ్మని బెర్లిన్‌లో చూసినవాళ్ళకి ఆ శవపేటికలో ఎవరున్నారనిపించిందో ఊహించుకోవచ్చు. కప్పులేని గుడిలోకి, మొక్కవోని ఏదో నమ్మకంతో నడుస్తున్న మనుషులు కావాలి ఆయనకి. ఇటుకలెత్తుకెళ్ళిన బండివాడు కాదు.

ఒప్పుకుంటాను. కానీ ఆయన ఇంకో పని కూడా చేశాడు. గ్రైఫ్స్‌వాల్డ్‌లో సెయింట్ జాకబ్ చర్చి అని ఒకటుంది. శుభ్రంగా, నిక్షేపంలా నిలబడ్డ చర్చి. 1817 ప్రాంతంలో ఆయన దాన్ని కప్పు కూలిపోయి మొండిగోడలు మిగిలినట్టు గీశాడు. 1830 తర్వాత ఎల్డెనాని పెకలించి, సముద్రతీరంలోంచి తీసుకెళ్ళి వందల కిలోమీటర్ల దూరాన రీజెన్‌గెబిర్గె కొండల ముందు పెట్టాడు. అంటే శిథిలం అనేది ఆయనకి ఒక చోటు కాదు, ఎక్కడైనా వాడుకోగలిగే వస్తువు. ఇక్కడే నాకు కాస్త ఇబ్బంది. వస్తువైపోయాక దానికి కారణం అడగం. ఎలా కూలిందని ఎవరూ అడగని గోడ అది.

ఇంగ్లాండు వాళ్ళు దీన్ని ఇంకో మెట్టు ఎక్కించారు. వేల్స్ సరిహద్దులో వై నది ఒడ్డున టింటర్న్ మఠం ఉంది. 1536లో ఎనిమిదో హెన్రీ మూయించాడు. మూశాక ముందు ఏం పీకారో తెలుసా? కప్పు మీది సీసం రేకులు. సీసానికి రేటుంది మరి. కప్పు పోయాక మిగతా పని వాన చూసుకుంది. రెండున్నర శతాబ్దాల తర్వాత టర్నర్ కుర్రాడిగా ఉన్నప్పుడు, 1790లలో, అక్కడికెళ్ళి వేసిన నీటిరంగుల బొమ్మలు చూస్తే కమానుల మీంచి ఐవీ తీగలు జలపాతంలా జారుతుంటాయి. గొప్ప బొమ్మలు, వాదనే లేదు. కానీ అంతకుముందు విలియం గిల్పిన్ అనే మతగురువు ఆ నది మీద ప్రయాణం గురించి ఒక పుస్తకం రాశాడు, 1782లో అచ్చయింది. దేశంలో ఏ దృశ్యం చూడచక్కనిదో జనానికి నేర్పిన పుస్తకం అది. అందులో ఆయన కంప్లయింటు వినండి: టింటర్న్ గోడల చివర్లు మరీ తిన్నగా ఉన్నాయట, ఎవరైనా కాస్త తెలివిగా సుత్తి వాడితే బాగుండునట! శిథిలం సరిగ్గా శిథిలం కాలేదని బగ్ రిపోర్ట్ రాసిన మొదటి మనిషి ఈయనే అనుకుంటా.

అదే పుస్తకంలో ఇంకో సంగతి కూడా రాశాడాయన. ఆ శిథిలాల మధ్య గుడిసెలేసుకుని బీదాబిక్కీ బతుకుతున్నారని, వచ్చినవాళ్ళ దగ్గర అడుక్కుంటారని. ఒక ముసలావిడ కుంటుకుంటూ వచ్చి, ఇదే సన్యాసుల గ్రంథాలయం అంటూ తను కాపురముంటున్న చెమ్మ గదిని చూపించిందట. గిల్పిన్ చూశాడు, జాలిపడ్డాడు, రాశాడు. ఆ రకం బొమ్మల్లో మాత్రం ఆవిడ వెతికినా దొరకదు. ఐవీ తీగ మాత్రం ప్రతిదాంట్లో ఉంటుంది. (20వ శతాబ్దం మొదట్లో ప్రభుత్వం టింటర్న్‌ని కొని మరమ్మతులు చేయించినప్పుడు ఆ తీగలన్నీ పీకించేసింది. గోడల్ని పిండి చేస్తున్నాయని.)

ఇదే చూపుని మన దేశానికీ మోసుకొచ్చారు. థామస్ డేనియల్, విలియం డేనియల్ 1786 నుంచి 1793 దాకా ఇక్కడ తిరిగి, తర్వాత అచ్చేసిన 144 బొమ్మల్లో పాడుబడ్డ గోపురాలకీ సమాధులకీ మర్రిచెట్లకీ కొదవలేదు. అదే దశాబ్దం చివర అమరావతిలో ఏం జరుగుతోందో చూడండి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తుంటే ఇటుకల కోసం, రాళ్ళ కోసం పక్కనే ఉన్న దీపాలదిన్నెని తవ్వేశారు. అది స్తూపం. సర్వేయర్ కాలిన్ మెకంజీ అప్పుడొకసారి చూసి, 1816లో తన బృందంతో మళ్ళీ వచ్చి ఏ పలక ఎక్కడుందో కొలతలతో సహా గీయించాడు. తర్వాత ఆ పలకల్లో చాలావాటిని చెన్నైకీ లండన్‌కీ ఎవరు తరలించారో మనకి తెలిసిందే. కాకపోతే మెకంజీ బృందం గీసిన ఆ పొడిపొడి డ్రాయింగుల్లో మబ్బుల్లేవు, నెలవంక లేదు, వేదాంతం లేదు. ఏది మిగిలిందో, ఎంత మిగిలిందో ఉంది. అందాల పోటీలో ఫ్రీడ్రిష్ ముందు నిలబడవు. కానీ గిట్ బ్లేమ్‌కి దగ్గరగా ఉన్నది అవే.

ఇంత ఆవేశం నీకెందుకంటారా? అక్కడికే వస్తున్నా.

అమ్మమ్మగారి ఊళ్ళో మాకో పెంకుటిల్లుండేది. తాతయ్య పోయి, అమ్మమ్మ మా దగ్గరకొచ్చేశాక తాళం పడింది. రెండేళ్ళ కిందట ఆ దారినెళ్తే మట్టిగోడలు సగం ఒరిగి, నడవా ఉన్నచోట రావిమొక్క నా ఎత్తు పెరిగి, సాయంత్రపు ఎండ అడ్డంగా పడుతూ... అచ్చం ఫ్రీడ్రిష్ బొమ్మే. నాలుగు ఫొటోలు తీసి 'కాలం' అని శీర్షిక పెట్టి కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కజిన్సందరూ కన్నీళ్ళ బొమ్మలు పెట్టారు. ఆ రాత్రి అమ్మ అంట్లు సర్దుకుంటూ మామూలుగా అంది, "కాలమేంట్రా? పెంకులు మీ మామయ్య దింపించి గొడ్లపాకకి వేయించాడు. టేకు స్తంభాలు కూతురి పెళ్ళప్పుడు అమ్మేశాడు. పెంకు తీసేశాక మట్టిగోడ ఎన్ని వానలకి ఆగుతుంది?"

నేను మామయ్యని తిట్టబోతున్నాను. "మన పూజగది తలుపులెక్కడివనుకున్నావు?" అంది.

ఫ్లాట్ కొన్నప్పుడు పాత టేకు తలుపులని ఎంతో మురిసిపోయి పాలిష్ పట్టించింది నేనే. ఎక్కడినుంచి వచ్చాయో అడగలేదు. అడగాలని తోచనేలేదు.

టింటర్న్ సీసం రేకుల సంగతి చదివినప్పుడు నాకు పెంకులే గుర్తొచ్చాయి. ముందు కప్పు. ఎక్కడైనా ముందు పోయేది కప్పే, ఎందుకంటే సులువుగా తీయొచ్చు, సులువుగా అమ్మొచ్చు. ఆ తర్వాత వానమీద తోసేస్తే సరి.

ఇప్పుడు అవతలి వాదన. నిజాయితీగా చెప్పకపోతే నిద్రపట్టదు. 1810లో ఫ్రీడ్రిష్ బొమ్మలు రెండూ కొన్నది ప్రష్యా రాజు. కొనమని పట్టుబట్టింది అప్పటికింకా కుర్రాడైన యువరాజు. 1815లో గ్రైఫ్స్‌వాల్డ్ ప్రాంతం ప్రష్యాకి దక్కింది. 1820ల చివర్లో ఎల్డెనా శిథిలాలని కాపాడాలని పూనుకున్నది ఆ యువరాజే. చుట్టూ పార్కు వేయడానికి లెనె అనే పేరున్న ఉద్యానశిల్పి ప్లాను గీశాడు. బొమ్మ చూసే కాపాడాడని నేను రాసివ్వలేను గానీ, చిన్నప్పుడు గోడమీద వేలాడిన బొమ్మ మనిషిని ఊరికే వదలదు కదా. అంతవరకూ అక్కడి ఇటుకకి ఇటుక రేటే. గోడకి గోడగా ఒక విలువ ఉందని జనానికి చెప్పింది ఇలాంటి బొమ్మలే. లేకపోతే ఇవాళ ఆ మిగిలిన ముక్క కూడా ఉండేది కాదు. అమరావతికి అలాంటి బొమ్మ ఒక్కటి ముందే ఉండుంటే? ఏమో.

అంటే శిథిలాన్ని అందంగా చూపించడం వల్ల అది మిగిలింది, అందంగా చూపించడం వల్లే అదెలా శిథిలమైందో మర్చిపోయాం. ఈ రెండూ ఒకే బొమ్మ చేసిన పనులు. ఎటు తూగాలో నాకింకా తేలలేదు. కానీ కూలుస్తున్నవాళ్ళని చూపిస్తూనే గొప్ప బొమ్మ వేయలేమా అంటే, వేసినవాడున్నాడు. ఫ్రీడ్రిష్ కంటే ఒక తరం ముందువాడు, యూబేర్ రొబేర్. శిథిలాలే వేస్తాడని ఆయనకి పేరు కూడా పడింది. 1789లో బాస్టీల్ కోటని కూలగొడుతుంటే ఆ మొదటి రోజుల్లోనే దాన్ని బొమ్మకట్టాడు. గోడమీద చీమల్లా మనుషులు, కిందికి దొర్లుతున్న రాళ్ళు. ఆ రాళ్ళలో కొన్నిటితో సీన్ నది మీద వంతెన పూర్తిచేశారు, కొన్నిటిని జ్ఞాపికలుగా చెక్కి పంచారు. ఇదే మనిషి లూవ్ర్ మ్యూజియం గ్యాలరీని ఎలా తీర్చిదిద్దాలో ఆలోచిస్తున్న రోజుల్లోనే, 1796లో, అదే గ్యాలరీ భవిష్యత్తులో కూలిపోయి ఉన్నట్టు కూడా వేశాడు. డిజైన్ డాక్యుమెంటూ, డిజాస్టర్ రిపోర్టూ ఒకే చేత్తో!

ఫ్రీడ్రిష్‌కి తిరిగొస్తే, ఆయన మఠం బొమ్మలకి పట్టిన గతి చూడండి. 'మంచులో మఠం శ్మశానం' అని, మన వాల్‌పేపర్‌కి తోబుట్టువులాంటి బొమ్మొకటి 1817-19లో వేశాడు. అది 1945లో, యుద్ధం ఆఖర్లో బెర్లిన్‌లో నాశనమైంది. ఇవాళ మిగిలింది నలుపు తెలుపు ఫొటో ఒక్కటే. దాన్నీ కాలమే మింగిందందామా? నేను వానకి తలదాచుకున్న మ్యూజియం కూడా బాంబులు తిన్నదే. బయట స్తంభాల మీద బుల్లెట్ల గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. టూరిస్టులు వాటిముందు ఫోటోలు దిగుతుంటారు. నేనూ దిగాను.

అన్నట్టు అదే మ్యూజియంలో ఎల్డెనా బొమ్మ ఇంకొకటుంది. 1825 ప్రాంతపుది. చిన్నది, మీ లాప్‌టాప్ కంటే కాస్త పెద్దది, అంతే. దానిముందు పెద్దగా ఎవరూ ఆగరు. మంచు లేదు, శవపేటిక లేదు. చెట్లు పచ్చగా ఉన్నాయి. మొండిగోడలని ఆనుకుని ఒక చిన్న పాక, దగ్గర్లో ఇద్దరు మనుషులు. ఏం చేస్తున్నారో తెలీదు, ఏదో వాళ్ళ పనిలో వాళ్ళున్నారు. గోడ ఎలా కూలిందో ఇందులోనూ చెప్పలేదాయన. కానీ కూలాక కూడా అక్కడ ఎవరో ఉన్నారని, వాళ్ళు వంట చేసుకున్నారని, గోడ అండన పడుకున్నారని ఒప్పుకున్నాడు. నా ఓటు దీనికే. పెద్ద బొమ్మ గొప్పదే, మళ్ళీ బెర్లిన్ వెళ్తే మళ్ళీ దానిముందు నిలబడతాను. కానీ రోజూ చూడ్డానికి ఇది చాలు.

గత వారం వాల్‌పేపర్ మార్చాను. ఫొటోల శీర్షిక కూడా మార్చాను. 'కాలం' తీసేసి, ఏ సంవత్సరం పెంకులు దిగాయి, ఏ సంవత్సరం స్తంభాలు వెళ్ళాయి, తలుపులెక్కడున్నాయి అని అమ్మని అడిగి రాసిపెట్టాను. మామయ్య ఇంకా చూడలేదనుకుంటా, ఫోన్ రాలేదు.

టీమ్ లీడ్ మాత్రం చూశాడు. "మళ్ళీ ఇంకో పాడుబడ్డ కొంపా?" అన్నాడు. ఈసారి మనుషులున్నారు చూడండి, అక్కడ కాపురం కూడా ఉన్నట్టుంది అని ఆ మూల చూపించాను. దగ్గరకొచ్చి, కళ్ళజోడు పైకి తోసి, పాకవైపు చాలాసేపు చూశాడు.

"అద్దె ఎంతుంటుందంటావు?"